65 అంగుళాల టీవీ హాల్లో కొట్టొచ్చినట్టు కనపడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

తెల్లగోడ:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు. హాలు 11 × 17 అడుగులు. టీవీ 11 అడుగుల గోడ మీద ఉంది. సోఫా అక్కణ్ణుంచి 9 అడుగుల దూరం, దాని వెనక డైనింగు, ఆ చివర బాల్కనీ అద్దాల తలుపు. గోడలు మైవాన్ కట్టడం, ఇటుక లేదు, మొత్తం కాంక్రీటే. గోడ చెక్కి పైపులు వెయ్యొద్దని బిల్డరు ముందే చెప్పేశాడు. టీవీ కోసం ఇచ్చిన ప్లగ్ పాయింటు నేల నుంచి 4 అడుగుల ఎత్తులో ఉంది, ఇంకోటి అడుగు ఎత్తులో.

టీవీ మామూలు 65 అంగుళాల ఎల్‌ఈడీ. బిగించడానికి వచ్చినతను దాని మధ్యభాగం ఐదున్నర అడుగుల ఎత్తుకి వచ్చేలా పెట్టి వెళ్ళాడు. ఆపేస్తే తెల్ల గోడ మీద పెద్ద నల్ల పలక, దాని కింద వేలాడే మూడు వైర్లు. ఇంటీరియర్ వాళ్ళు చెప్పేది: గోడంతా ఫ్లూటెడ్ (నిలువు గాళ్ళున్న) ప్యానెళ్ళు, టీవీ వెనక పాలరాయిలా మెరిసే తెల్ల షీటు, చుట్టూ బంగారు పట్టీలు, లోపల లైట్లు. ఇంత చేస్తే టీవీ గోడలో కలిసిపోతుందా, ఇంకా ఎక్కువ కనపడుతుందా? సెట్‌టాప్ బాక్సు, రూటరు బయటికి కనపడకూడదు, రిమోటు మాత్రం పనిచెయ్యాలి.

చెక్కలెక్క:

ఇంకా ఎక్కువే కనపడుతుందండీ. తెల్లగా మెరిసే షీటు మీద నల్ల తెర పెట్టి, చుట్టూ బంగారు గీత గీస్తే అది దిష్టిచుక్కే. ఆ షీటు మీద సీలింగ్ లైట్లు, బాల్కనీ వెలుతురు కూడా మెరుస్తాయి. సినిమాలో చీకటి సీను వచ్చినప్పుడు కన్ను తెర వదిలి పక్కకి పోతుంది.

ముందు ఎత్తు సరిచెయ్యండి. 65 అంగుళాల టీవీ అంచులతో కలిపి దాదాపు 57 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల ఎత్తు ఉంటుంది. సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు 40 నుంచి 42 అంగుళాలు. టీవీ మధ్యభాగం 42 దగ్గర పెడితే కింది అంచు 25 అంగుళాల పైచిలుకు, పై అంచు 59 లోపు వస్తాయి. ఇప్పుడు మీ టీవీ కింది అంచే 49 దాటింది. గదిలో మిగతా సామానంతా, అంటే సోఫా, టీపాయ్, బల్ల, నడుం ఎత్తులో ఉంటే టీవీ ఒక్కటీ పైన ఒంటరిగా వేలాడుతోంది. అది కలవకపోవడానికి సగం కారణం ఇదే. దీనికి ప్యానెల్ మందు కాదు. 9 అడుగుల దూరానికి 65 సైజు సరిగ్గా సరిపోతుంది, ఆ దిగులు వద్దు.

రెండోది రంగు. టీవీ వెనక ఒక చదరం మాత్రమే నలుపు వెయ్యకండి, అది ఇంకో పెద్ద టీవీలా కనపడుతుంది. 11 అడుగుల గోడ మొత్తం, నేల నుంచి సీలింగు దాకా, ముదురు రంగు వెయ్యండి. బొగ్గు బూడిద రంగు, ముదురు ఆకుపచ్చ, నీలం కలిసిన నలుపు, ఏదైనా సరే. మిగతా మూడు గోడలు లేతగా ఉంటే గది చిన్నదైనట్టు అనిపించదు. షీన్ ఉన్న పెయింటు కాదు, మెరుపు లేని మాట్ ఎమల్షన్. రెండు పూతలకి 2 లీటర్లు సరిపోవచ్చు, కొన్ని ముదురు షేడ్లు మూడో పూత అడుగుతాయి. షాపులో మెషీన్ మీద కలిపించేటప్పుడు మొత్తం ఒకేసారి కలిపించుకోండి, తరవాత తెచ్చిన డబ్బా ఒక్కోసారి వెంట్రుకవాసి తేడాగా వస్తుంది. మాట్ మీద చేతి మరకలు పడతాయి, మధ్యలో అతుకు పూస్తే ఎండాక మచ్చలా తెలుస్తుంది. కాబట్టి అదే డబ్బాలోంచి పావు లీటరు దాచి పెట్టుకున్నా, చిన్న మచ్చలు కాక పెద్దవి పడితే మూల నుంచి మూల దాకా గోడంతా వేసుకోవాల్సిందే.

మూడోది, టీవీని గోడకి నట్టనడుమ ఒంటరిగా ప్రతిష్ఠించకండి. కింద 10 అడుగుల పొడవు కన్సోల్ (తలుపులున్న పొట్టి టీవీ బల్ల) పెట్టించి, టీవీని కాస్త ఎడమకి జరిపి, కుడివైపు 30 అంగుళాల వెడల్పు అరలు కట్టించండి. అరల్లో పుస్తకాలు, ముదురు రంగు కుండీలు, ఒకటో రెండో నల్ల ఫ్రేముల బొమ్మలు ఉంటే, టీవీ ఆ గోడ మీద ఉన్న నాలుగు నల్ల వస్తువుల్లో ఒకటవుతుంది. కన్సోల్ లోతు 14 నుంచి 16 అంగుళాలు చాలు. పైభాగం నేల నుంచి 18 అంగుళాలకి రావాలి, అడుగున 6 అంగుళాలు ఖాళీ వదిలితే తడిగుడ్డ పెట్టడానికి ఇబ్బంది ఉండదు.

ఫేజ్‌న్యూట్రల్:

గోడ చెక్కొద్దన్నది నిజమేనండీ, బిల్డరు భయపెట్టడం కాదు. మైవాన్‌లో గోడే బరువు మోస్తుంది. లోపలి ఇనుము మీద కాంక్రీటు మందం తక్కువ, 25 ఎంఎం పైపు పట్టేంత గాడి తీస్తే కటర్ సరాసరి కమ్మీ మీదికి పోతుంది.

మామూలు కరెంటు పైపులో హెచ్‌డీఎంఐ లాగుదామనుకోవడం కూడా కుదరదు. దాని ప్లగ్గు దాదాపు 20 ఎంఎం వెడల్పు, 25 ఎంఎం పైపులో వంపు దగ్గరే ఇరుక్కుంటుంది. వైర్లు పైకి తీసుకెళ్ళాలంటే గోడ మీద 2 అంగుళాల మందం ఫ్రేము కట్టి, దాని మీద 12 ఎంఎం ప్లైవుడ్ వేసి, లోపల 50 ఎంఎం పీవీసీ పైపు నడపాలి. వంపులు 90 డిగ్రీలవి కాకుండా 45వి రెండు వాడాలి. పైపులో ఒక నైలాన్ తాడు వదిలెయ్యాలి, రేపు వైరు మార్చాలంటే అదే దిక్కు. పవర్ వైరు వేరే పైపులో.

స్పైక్ గార్డుని, ఎల్‌ఈడీ లైట్లకి కరెంటు అందించే డ్రైవర్ని ప్యానెల్ లోపల పెట్టి మూసెయ్యనివ్వకండి. గాలాడని చోట డ్రైవర్ తొందరగా పోతుంది, మార్చాలంటే ప్యానెల్ ఊడదియ్యాలి.

గోడకిచుట్టం:

ఒక్క నిమిషం. చెక్కలెక్క గారి లెక్క ప్రకారం టీవీ కింది అంచు 25, కన్సోల్ పైభాగం 18. మధ్య ఖాళీ 7 అంగుళాలే కదా! ఆ 7 అంగుళాల కోసం గోడంతా ఫ్రేము దేనికి? వైర్లు దాచే 50 × 25 ఎంఎం పీవీసీ కేసింగ్ ముక్క ఒకటి కోసి, గోడ రంగే పూసి, టీవీ వెనక నుంచి కన్సోల్ వెనక్కి దింపితే సరి. పైగా ఆ ఖాళీలో సౌండ్‌బార్ పెడితే కేసింగ్ ముక్క చాలావరకు దాని వెనక దాక్కుంటుంది.

ఫేజ్‌న్యూట్రల్:

నిజమే, ఆ ఎత్తుకి దించితే ఫ్రేము అక్కర్లేదు. 4 అడుగుల పాయింటు కూడా టీవీ వెనక్కి వచ్చేస్తుంది. కాకపోతే అక్కడ ఒక చిక్కుంది. ఫిక్స్‌డ్ బ్రాకెట్‌తో టీవీకి గోడకి మధ్య అంగుళం, అంగుళంన్నర సందు ఉంటుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు వైరు వంపుతో కలిపి 2 అంగుళాలు బయటికొస్తుంది, టీవీ దాని మీద ఆనుతుంది. అందుకని బ్రాకెట్ కింద 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క పెట్టి, టీవీని అంతమేర ముందుకి తీసుకురండి. అలాగే వైరు పక్కకి వంగే చదును ప్లగ్గు వాడండి. బ్రాకెట్ పట్టీలు సరిగ్గా పాయింటు మీదికి రాకుండా ముందే కొలుచుకోండి. టీవీ వెనక బోల్టు కన్నాలు 300 లేదా 400 ఎంఎం దూరంలో ఉంటాయి, మోడల్ షీటులో రాసి ఉంటుంది.

బోల్టుల సంగతి. కాంక్రీటుకి గిట్టీ, స్క్రూ కాదు, ఎం8 యాంకర్ ఫాస్టనర్లు 4. కాంక్రీటులో కనీసం 50 ఎంఎం దిగాలి. మధ్యలో 18 ఎంఎం చెక్క ఉంది కాబట్టి పొడవు ఆ మేరకి పెంచి తెచ్చుకోవాలి. డ్రిల్ చేస్తుంటే బిట్ ముందుకి కదలకుండా గీరుకుంటూ ఉంటే కమ్మీ తగిలిందని అర్థం. బలవంతం చెయ్యకుండా 2 అంగుళాలు పక్కకి జరపండి. టీవీ వైపు బోల్టులు బ్రాకెట్ డబ్బాలో మూడు నాలుగు పొడవుల్లో ఇస్తారు. పొడవుది ఎక్కిస్తే లోపలి బోర్డుకి తగులుతుంది, అది వారంటీలో రాదు. చేత్తో తిప్పి చూసి, గట్టిపడ్డ చోట ఆపి, పొడవు మిగిలితే వాషర్లు వెయ్యండి.

ఇటుక గోడలు, ఏఏసీ (తేలిక కాంక్రీటు బ్లాకుల) గోడలు ఉన్నవాళ్ళు ఈ లెక్క తీసుకోకండి. ఏఏసీ బ్లాకుల్లో ఈ రకం ఫాస్టనర్ బిగించే కొద్దీ బ్లాకు పొడిపొడి అవుతుంది. వాటికి పొడవాటి నైలాన్ ఫ్రేమ్ ప్లగ్గులో, కెమికల్ యాంకరో కావాలి, డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు.

తెల్లగోడ:

చాలా థాంక్సండీ. ప్యానెళ్ళు మానేసినట్టే. ఇంకో సందేహం. టీవీ చూడనప్పుడు కనపడకుండా మూసేసే తలుపులు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్ళ పట్టు. చెయ్యొచ్చా? లేకపోతే తెర మీద పెయింటింగ్ ఫొటో పెట్టి వదిలెయ్యొచ్చా?

చెక్కలెక్క:

జరిపే తలుపులు మీ గోడకి పడతాయి, కాకపోతే అరలు వదులుకోవాలి. 64 అంగుళాల నోరుకి 32 అంగుళాల తలుపులు రెండు, తెరిచినప్పుడు అవి నిలబడడానికి ఇటు 32, అటు 32. మొత్తం 128. మీ గోడ 132. టీవీ అప్పుడు మధ్యలోనే ఉండాలి. లోతు లెక్క: గోడకి టీవీకి మధ్య సందు, టీవీ మందం, వేళ్ళు పట్టే చోటు, తలుపు మందం కలిపి దాదాపు 7 అంగుళాలు. సౌండ్‌బార్ తలుపుల బయట, కన్సోల్ మీదే ఉండాలి.

బరువంతా పై ట్రాక్ మీద వేలాడాలి, కింద గైడు మాత్రమే. కింది ట్రాకయితే దుమ్ము నిండి ఏడాది తిరిగేసరికి గీరుకుంటుంది. తలుపుకి లామినేట్ రెండు వైపులా అంటించమనండి. వెనకవైపు కనపడదు కదా అని వడ్రంగి ఒక్కవైపే అంటిస్తే వానాకాలంలో తలుపు విల్లులా వంగి టీవీ అంచుకి తగులుతుంది. వెనక చవక లైనర్ షీటయినా సరే, ఉండాలి. మూసి ఉన్నప్పుడు టీవీ నడపకూడదు, పక్కల పైన 3 అంగుళాల ఖాళీ వదలాలి.

నా మట్టుకు నేను, ముదురు గోడ వేశాక ఓ నెల చూసి అప్పుడు తలుపుల సంగతి నిర్ణయించుకోమంటాను. రోజుకి నాలుగు గంటలు నడిచే టీవీకి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

కన్సోల్ తలుపులకి మాత్రం పేము అల్లిక వేయించండి. బాక్సులకి గాలి ఆడుతుంది, ఎదురుగా కూర్చుంటే రిమోటు కిరణం కూడా చాలావరకు దూరుతుంది. లామినేట్ తలుపైతే దూరదు. అప్పుడు రిమోటు కిరణాన్ని లోపలి బాక్సుకి అందించే ఐఆర్ ఎక్స్‌టెండర్ కొని, దాని కంటిని సౌండ్‌బార్ పక్కన అంటించుకోవాలి. బ్లూటూత్ రిమోటు ఉన్న బాక్సయితే ఈ గొడవ లేదు. కన్సోల్ వెనక చెక్కకి 60 ఎంఎం కన్నాలు, ఒకటి కింద, ఒకటి పైన. బాక్సు మీద 3 అంగుళాలు ఖాళీ. రూటర్‌ని మాత్రం మూసిన అరలో కాకుండా పేము తలుపు వెనక పెట్టండి.

చీకటిసీను:

ఫొటో సంగతి. శామ్‌సంగ్ ఫ్రేమ్ లాంటి టీవీలు పెయింటింగులా కనపడేది తెర మాట్‌గా ఉండడం వల్ల, గదిలో వెలుతురుని బట్టి కాంతి తగ్గించుకోవడం వల్ల. 2022 నుంచి ఫ్రేమ్‌కి మాట్ తెర వస్తోంది. మామూలు మెరిసే తెర మీద అదే బొమ్మ పెడితే బాల్కనీ తలుపు అందులో కనపడుతుంది, పైగా వెనకలైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు ఊరికే పోతుంది. ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్ళు కదలని బొమ్మ గంటలకొద్దీ పెట్టకపోవడమే మేలు, ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది.

మీకు అసలు శత్రువు ఆ బాల్కనీ తలుపు. ఎదురుగా ఉంది కాబట్టి పగలు ఆపేసిన తెరలో అదే తెల్లగా కనపడుతుంది. గోడకి ఎంత ముదురు రంగేసినా ఆ మెరుపు పోదు. దానికి లైనింగ్ ఉన్న మందం కర్టెన్ ఒకటి, పల్చనిది ఒకటి, రెండు రాడ్ల మీద వెయ్యండి. సీలింగ్ లైట్లలో టీవీ గోడకి దగ్గరగా ఉన్న వరసకి వేరే స్విచ్ ఉండాలి.

టీవీ వెనక లైటు వేస్తే రాత్రి కంటికి సుఖం, తెర అంచు గోడ మీద మెత్తగా కలుస్తుంది. పైన, ఎడమ, కుడి, మూడు వైపులా టీవీ అంచు నుంచి 3 అంగుళాలు లోపలికి స్ట్రిప్ అంటించండి. 57, 33, 33 కలిపితే 123 అంగుళాలు, అంటే 3 మీటర్ల పైచిలుకు. మీటరుకి 5 వాట్లది చాలు. 16 వాట్లకి 24 వాట్ల డ్రైవర్, డిమ్మరుతో. టీవీ యూఎస్‌బీకి తగిలిస్తే అది మామూలుగా ఇచ్చేది 2.5 వాట్లే, స్ట్రిప్ ఆ చివర మినుకుమినుకుమంటుంది. టీవీ రంగులు సరిగా కనపడాలంటే 6500 కెల్విన్ తెలుపు, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉండాలి. గదిలో మిగతావన్నీ 3000 కెల్విన్ పసుపు లైట్లయితే అది నీలంగా తోస్తుంది, అయినా టీవీ చూసేటప్పుడు మాత్రమే వేస్తారు కాబట్టి ఫర్వాలేదు. రంగులు మారే రకం కొనకండి, హాలు సెల్‌ఫోన్ల షాపులా అయిపోతుంది.

తెల్లగోడ:

అర్థమైంది. పని ఏ వరసలో చేయించాలి? పెయింటర్ ముందా, వడ్రంగి ముందా?

గోడకిచుట్టం:

టీవీ దించి, పాత కన్నాలు పుట్టీతో పూడ్చి, ఇసక కాగితం పట్టించండి. తరవాత 57 × 33 కొలతకి పేపర్లు అతికించి, గోడ మీద కొత్త ఎత్తులో టేపుతో పెట్టుకోండి. ఇంట్లో అందరూ సోఫాలో కూర్చుని చూడాలి. తలుపులు వద్దనుకుంటే ఎడమకి ఎంత జరపాలో కూడా అప్పుడే తేలుతుంది. ఆ తరవాత బ్రాకెట్ కన్నాలు, చెక్క ముక్క, కేసింగ్ ముక్క. అవి అయ్యాకే పెయింటు, చెక్కకి కేసింగ్‌కి కూడా అదే రంగు. కన్సోల్ వడ్రంగి దగ్గరే తయారై రావాలి, పెయింటు ఎండిన రెండు రోజులకి బిగించుకోవచ్చు.

టీవీ చివర్న. ఇద్దరు మనుషులు అంచులు పట్టుకుని ఎత్తాలి, తెర మీద వేళ్ళు నొక్కకుండా. ఎత్తకముందే హెచ్‌డీఎంఐ, పవర్, లాన్ వైర్లు వెనక గుచ్చేసి ఉంచండి, ఫిక్స్‌డ్ బ్రాకెట్ మీద ఎక్కాక అక్కడ చెయ్యి దూరదు. ఖాళీ హెచ్‌డీఎంఐ పోర్టుకి కూడా ఒక వైరు ఇప్పుడే తగిలించి, రెండో చివర కన్సోల్‌లో చుట్ట చుట్టి పడెయ్యండి. పిల్లలు గేమ్ బాక్స్ అడిగిన రోజున టీవీ దించక్కర్లేదు.