1630ల నాటి మసాచుసెట్స్ కుటుంబం సంతతిని కింది తరాలకు తీసుకురావడం ఎలా? 1780 దగ్గర ఆగిపోయింది

లాసన్స్‌బే అడిగారు:

విశాఖలో ఉండి అమెరికా వంశవృక్షాల పని చేసేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. 1630ల్లో ఇంగ్లాండ్ నుంచి వచ్చి మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్‌లో స్థిరపడిన ఒక దంపతుల సంతతి మొత్తం కావాలని క్లయింట్ అడుగుతున్నారు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. నాలుగో తరం దాకా పేర్లు బాగానే దొరికాయి. 1780 దాటాక సగం మంది ఆ ఊరి రికార్డుల్లో కనిపించడం లేదు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో చూస్తే ఒకే మనిషికి ముగ్గురు వేర్వేరు తండ్రులు. పని ఎంతవరకు ఒప్పుకోవాలి? 1780 నుంచి 1850 వరకు ఏ కాగితాలు చూడాలి? అక్కడికి వెళ్లకుండా నకళ్లు ఎలా తెప్పించాలి?

సీతమ్మధార:

ముందు హద్దు గీసుకోండి. "సంతతి మొత్తం" అనే మాటకు ఎప్పుడూ ఒప్పుకోకండి. తరానికి నలుగురు పిల్లలు బతికి పెళ్లిళ్లు చేసుకున్నారని లెక్క వేసినా ఆరో తరానికి 1,024 మంది, పదో తరానికి 2,62,144 మంది అవుతారు. పేరున్న వంశచరిత్రలు చాలావరకు ఇలా చేస్తాయి: మొదటి ఐదు తరాల్లో కొడుకుల శాఖలూ కూతుళ్ల శాఖలూ రెండూ, ఆ తర్వాత క్లయింట్ ఎంచుకున్న ఒకటి రెండు శాఖలు మాత్రమే. ఇది పని మొదలయ్యే ముందే రాతపూర్వకంగా ఉండాలి.

నంబర్లకు డాబోవిల్ పద్ధతి తేలిక: మూలపురుషుడు 1, మూడో సంతానం 1.3, ఆ మనిషి రెండో సంతానం 1.3.2. మధ్యలో కొత్త బిడ్డ బయటపడితే కింద నంబర్లన్నీ మారిపోతాయి, కాబట్టి పక్క కాలమ్‌లో ఎప్పటికీ మారని ఐడీ ఒకటి ఇవ్వండి. ఇంకో కాలమ్‌లో ఒకే ప్రశ్నకు జవాబు ఉండాలి: "ఇతను ఫలానా వారి కొడుకని ఏ కాగితం చెబుతోంది?" అది ఖాళీగా ఉంటే ఆ మనిషి కిందికి దిగొద్దు. పుట్టిన తేదీ దొరకడం వేరు, ఫలానా వారి బిడ్డ అని తేలడం వేరు. ముగ్గురు తండ్రుల గొడవంతా ఈ ఒక్క కాలమ్ లేకే వస్తుంది.

1780–1850 కష్టమైన కాలమే. 1790 నుంచి 1840 దాకా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు, మిగతా వాళ్లు వయసుల వారీగా అంకెలు మాత్రమే. ఇంట్లో స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. యజమానికి ఏమవుతారన్నది 1880 నుంచే. పైగా మసాచుసెట్స్‌లో రాష్ట్ర స్థాయి జనన మరణ నమోదు 1841 దాకా లేదు. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే జనం భూముల కోసం న్యూహాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్‌కు, అక్కడి నుంచి పశ్చిమ న్యూయార్క్, ఒహాయోకు వెళ్లిపోయారు. వెళ్లిన చోట కాదు, వదిలేసిన చోట వెతకండి.

ఎందుకంటే తండ్రి ఇప్స్‌విచ్‌లో చనిపోతే, ఎక్కడున్నా పిల్లలు తమ వాటా అమ్ముకుంటారు. ఆ దస్తావేజులో "ఫలానా ఊరి నివాసినైన నేను, కీర్తిశేషులైన మా తండ్రిగారి ఆస్తిలో నా హక్కు అంతా" అని ఉంటుంది. ఒక్క వాక్యంలో తండ్రి పేరు, కొడుకు కొత్త ఊరు, చాలాసార్లు అల్లుళ్ల పేర్లు కూడా. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించినట్టే, అమ్మినవారి సూచీ, కొన్నవారి సూచీ విడివిడిగా ఉంటాయి. రెండూ చూడాలి, తండ్రి చనిపోయాక కనీసం 30 ఏళ్ల దాకా. తల్లి బతికున్నంత కాలం ఆమె వంతు మూడో భాగం పంచరు, అందుకే ఆలస్యం.

వీలునామా లేకుండా చనిపోయినా కంగారు పడొద్దు, పంపకం కాగితాలు ఇంకా మేలు. మసాచుసెట్స్‌లో 1789 దాకా పెద్దకొడుక్కి రెండు వాటాలు. ఐదుగురు పిల్లలుంటే ఆస్తిని ఆరు భాగాలు చేస్తారు, రెండు తీసుకున్నవాడే పెద్దవాడు. గార్డియన్ కాగితాలు వయసు చెబుతాయి: 14 నిండిన పిల్లలు తమ గార్డియన్‌ని తామే ఎంచుకుంటారు, అంతకు చిన్నవాళ్లకు కోర్టు నియమిస్తుంది.

అన్నిటికంటే గొప్పవి విప్లవ యుద్ధ (అమెరికా స్వాతంత్ర్య యుద్ధ) పెన్షన్ ఫైళ్లు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఎం804 అనే మైక్రోఫిల్మ్ సిరీస్‌లో సుమారు 80,000 ఉన్నాయి. 1832 చట్టం కింద దరఖాస్తు చేసిన ప్రతి ముసలి సైనికుడినీ ఎక్కడ పుట్టావు, ఎప్పుడు పుట్టావు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు అని అడిగారు. వలస దారి అంతా ఆయన నోటితోనే వస్తుంది. 1836 తర్వాతి వితంతువుల ఫైళ్లలో పెళ్లి రుజువు కోసం ఇంటి బైబిల్లో పిల్లల పుట్టినరోజులు రాసుకున్న పేజీని చింపి జతచేసినవి కూడా ఉన్నాయి. సూచీలో రెండు ముక్కలు చూసి వదిలేయకండి, ఫైలు మొత్తం తెరవండి.

భీమిలి రోడ్డు:

పైన చెప్పినవన్నీ సరే, ఆ కాగితాలు చదివేటప్పుడు జారిపడే చోట్లు కొన్ని.

1752కి ముందు ఇంగ్లీషు వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి మార్చి 24 దాకా తేదీలు 1731/32 అని రెండు సంవత్సరాలతో కనిపిస్తాయి. అలాగే ఉంచండి, ఒకటి కొట్టేస్తే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు వచ్చి చెట్టు తలకిందులవుతుంది. నెలల్ని అంకెలతో రాస్తే మొదటి నెల మార్చి. "7బర్" అని ఉంటే సెప్టెంబర్, జులై కాదు; "8బర్" అక్టోబర్. 1752 సెప్టెంబర్ 2 మర్నాడు 14వ తేదీ వచ్చింది, సమాధి రాయి మీద వయసు చూసి పుట్టినరోజు లెక్కకట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

"జూనియర్" అంటే కొడుకని అనుకోవద్దు. ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడు అంతే. బాబాయి అబ్బాయి కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పెద్దాయన పోగానే నిన్నటి జూనియర్ సీనియర్ అయిపోతాడు. వీలునామాలో "కజిన్" అన్నది చాలాసార్లు మేనల్లుడో అన్న కొడుకో. "సన్ ఇన్ లా" సవతి కొడుకు కూడా కావచ్చు. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు బిడ్డలుంటే చాలావరకు మొదటి బిడ్డ పోయాక రెండో బిడ్డకు ఆ పేరు పెట్టినట్టు.

కౌంటీ (మన జిల్లా లాంటిది) హద్దులు కూడా చూసుకోండి. ఫ్రాంక్లిన్ కౌంటీ 1811లో, హాంప్డెన్ 1812లో ఏర్పడ్డాయి, అంతకు ముందువి హాంప్‌షైర్ కౌంటీ పుస్తకాల్లో ఉంటాయి. మెయిన్ 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం. కనెక్టికట్, రోడ్ ఐలాండ్, వెర్మాంట్‌లలో భూమి దస్తావేజులు కౌంటీలో కాదు, ఊరి క్లర్కు దగ్గర ఉంటాయి. కౌంటీలో వెతికి లేవనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

లాసన్స్‌బే:

చాలా సాయమైందండీ. క్లయింట్ ఇంటిపేరు వాళ్లే ఇంకో ఊళ్లోనూ ఉన్నారు, ఆయన అందరూ ఒకే వంశమని గట్టిగా నమ్ముతున్నారు. డీఎన్ఏతో తేలుతుందా?

డాబాగార్డెన్స్:

ఇంటిపేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు. మనకు దగ్గరి ఉదాహరణ ఎలిహు యేల్, యేల్ యూనివర్సిటీకి పేరు వచ్చింది ఈయన నుంచే. 1649లో బోస్టన్‌లో పుట్టి, మూడేళ్ల పసివాడిగా తల్లిదండ్రులతో ఇంగ్లాండ్ వెళ్లిపోయి, తర్వాత మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ ప్రెసిడెంట్ అయ్యాడు. 1689లో విశాఖపట్నంలోని ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీని (వర్తక స్థావరాన్ని) మొగలు సేనలు పట్టుకున్నప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఈయనే. ఆయన కొడుకు డేవిడ్ పసితనంలోనే మద్రాసులో పోయాడు, సమాధి అక్కడే కట్టారు. మిగిలింది కూతుళ్లు, వాళ్లు ఇంగ్లాండ్‌లోనే ఉన్నారు. అమెరికాలోని పాత యేల్ కుటుంబాలు న్యూహేవన్‌లో ఉండిపోయిన ఆయన బాబాయి థామస్ యేల్ సంతతి. అయినా "మేం ఎలిహు వారసులం" అనేవాళ్లు ఉన్నారు. పేరున్న మనిషిని చెట్టు పైన కూర్చోబెట్టాలన్న ఆశ అది.

డీఎన్ఏ మాట: మామూలు ఆటోసోమల్ పరీక్ష (తల్లి, తండ్రి ఇద్దరి వైపు నుంచీ వచ్చిన డీఎన్ఏ చూసేది) ఐదారు తరాలు దాటితే ఆధారపడదగ్గది కాదు. మీకు కావాల్సింది తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమ్ పరీక్ష, కనీసం 37 మార్కర్లు (పోల్చి చూసే చోట్లు), వీలైతే 111. క్లయింట్ ఒక్కరికే చేయిస్తే ఏమీ తేలదు. మూలపురుషుడి ఇద్దరు వేర్వేరు కొడుకుల శాఖల్లో, కాగితాలతో రుజువైన, నేరుగా మగ వరుసలో ఉన్న ఇద్దరికి చేయించి అవి కలిస్తే అదే మూలపురుషుడి గుర్తు. ఆ తర్వాత రెండో ఊరి వాళ్లను దానితో పోల్చండి. కలవకపోతే వంశం వేరు కావచ్చు, మధ్యలో ఎక్కడో దత్తత కూడా కావచ్చు. ఈ రెండో అవకాశం క్లయింట్‌కు పరీక్షకు ముందే చెప్పండి.

సీతమ్మధార:

నకళ్ల సంగతి మిగిలిపోయింది. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్ష రికార్డుల సైట్‌లో ఉచిత అకౌంట్ తీసుకోండి. కెమెరా గుర్తు ఉన్న ఫిల్ములు ఇంటి నుంచే తెరుచుకుంటాయి, కెమెరా మీద తాళంచెవి ఉంటే వాళ్ల సెంటర్‌లోనే లేదా షరతులతోనే. చేతిరాత దస్తావేజుల్లో మాటల్ని వెతికే ఫుల్ టెక్స్ట్ సెర్చ్ ఇప్పుడు ఉంది. అది తప్పులు చదువుతుంది కాబట్టి ఇంటిపేరును నాలుగైదు స్పెల్లింగులతో, పక్కింటి వాళ్ల పేర్లతో కూడా వెతకండి. ఇప్స్‌విచ్ ఉన్న దక్షిణ ఎసెక్స్ కౌంటీ భూమి పుస్తకాలు సేలం రిజిస్ట్రీ సైట్‌లోనే చూడొచ్చు.

ఊరి క్లర్కుకు మెయిల్ పెడితే ఒక మెయిల్‌కు ఒక్క మనిషి, ఒకే రికార్డు, ఐదేళ్ల వ్యవధి, ఫీజు ఎంతో చెప్పమని ఒక వాక్యం. వంశకథ రాయకండి, చదవరు. ఫోన్ చేయాలంటే అక్కడ ఉదయం 9 గంటలు మనకు వేసవిలో సాయంత్రం 6.30, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 7.30.

ఇప్పుడు బతికున్నవాళ్ల దాకా రావాలంటే 1950 జనాభా లెక్కలే చివరి మెట్టు. 72 ఏళ్ల నిబంధన వల్ల అవి 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. అక్కడి నుంచి పత్రికల్లోని మరణ ప్రకటనలు చూడండి. కూతుళ్ల అత్తింటి పేర్లు, ఊళ్లు వాటిలోనే దొరుకుతాయి. బతికున్నవాళ్ల పేర్లు క్లయింట్ రిపోర్టులో విడి అనుబంధంగా ఇవ్వండి, ఆన్‌లైన్ చెట్టులో మాత్రం ఎక్కించకండి.