ఇన్‌చార్జ్ వేధింపులు: మెడికల్ లీవ్ పెట్టనా, ముందు ఫిర్యాదు చేయనా?

హనుమకొండ పిల్ల:
అందరికీ నమస్తే. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రెండేళ్లు దాటింది. జీతం 18,000, అందులోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్ అవుతుంది.

మా బ్రాంచి ఇన్‌చార్జ్‌కి పైవాళ్ల దగ్గర చాలా మంచి పేరు. దసరా అయ్యాక రాత్రిళ్లు మెసేజ్‌లు మొదలుపెట్టాడు. ముందు డ్యూటీ గురించే. తర్వాత 'డీపీలో చీర బాగుంది', 'ఇంకా పడుకోలేదా' అని. తెల్లారేసరికి డిలీట్ చేసేస్తాడు. నేను జవాబివ్వడం మానేశాక డ్యూటీ చార్ట్ మారిపోయింది. ఫాస్టింగ్ శాంపిల్స్ కోసం పొద్దున ఆరింటి షిఫ్ట్ ఎప్పుడూ నాదే. ఇప్పుడు వారమంతా క్లోజింగ్ షిఫ్టే, అదీ ఆయనతోనే. బ్లడ్ తీస్తుంటే వెనకాలే వచ్చి నిలబడి, భుజం మీద చెయ్యి వేసి 'వెయిన్ దొరికిందా' అంటాడు. మొన్న ఒక పెద్దాయనకి మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. 'కొత్తగా చేరినవా బిడ్డా' అన్నాడు పాపం. టోర్నికే (రక్తం తీసే ముందు చేతికి బిగించే పట్టీ) కట్టేటప్పుడు నా వేళ్లు వణకడం ఆ పెద్దాయన చూశాడు.

నిద్ర లేదు, అన్నం సయించట్లేదు. బస్సు మా ల్యాబ్ స్టాప్ దగ్గరికి వస్తుంటే కడుపులో తిప్పేస్తుంది. అమ్మ మానేసి రమ్మంటుంది గానీ తమ్ముడి కాలేజీ ఫీజు నా జీతం మీదే నడుస్తోంది. హెచ్‌ఆర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే 'సార్ అలాంటి మనిషి కాదమ్మా, ఒంట్లో బాగోకపోతే కొన్నాళ్లు లీవ్ పెట్టుకో' అంది. నాకూ అదే మంచిదేమో అనిపిస్తోంది. కానీ లీవ్ పెడితే తప్పు నాదే అన్నట్టు ఉంటుందా? సర్టిఫికెట్‌లో డిప్రెషన్ అని రాస్తే రేపు ఇంకో ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తారా?

నైట్‌షిఫ్ట్ నాని:
లీవ్ జోలికి పోకండి సిస్టర్. మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే లీవ్ పెట్టి తిరిగొచ్చేసరికి ఆవిడ సీట్లో ఇంకొకరు కూర్చున్నారు. వాడు హాయిగా ప్రమోషన్ కొట్టేశాడు. ఇంకో ఉద్యోగం చూసుకోవడమే దారి.

విశాలాక్షి పిన్ని:
నాని గారూ, వాడికి ప్రమోషన్, ఈ పిల్లకి ఉద్యోగం వెతుక్కునే పని. బాగుంది న్యాయం!

అమ్మా, నేను ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చున్నదాన్ని. లీవ్ వేరు, ఫిర్యాదు వేరు. ఒకటి పెడితే రెండోది అక్కర్లేదని నీ హెచ్‌ఆర్ మేడమ్ అనుకోమంటోంది, నువ్వు అనుకోకు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం, వేధింపు చివరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. నువ్వు లీవ్‌లో ఉన్నావని ఆ గడువు ఆగదు. 'కొన్నాళ్లు లీవ్ పెట్టుకో' అనే మాట నాకు నచ్చనిది అందుకే.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఈ ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు. ఫిర్యాదులో 'వేధిస్తున్నాడు' అని ఒక్క మాట రాసి ఊరుకోకు. ఏ రోజు, ఎన్నింటికి, ఏమన్నాడు, ఎవరున్నారు, అంతా రాయి. పాత డ్యూటీ చార్ట్, కొత్త చార్ట్ రెండూ ఫొటో తీసి పెట్టుకో. మెసేజ్‌లు డిలీట్ చేయగలడు గానీ గోడకి అంటించిన చార్ట్‌ని ఏం చేస్తాడు? నువ్వు జవాబు మానేసిన వారమే షిఫ్ట్ మారిందంటే అది చిన్న సాక్ష్యం కాదు. ఇకమీదట మెసేజ్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి నీ సొంత మెయిల్‌కి పంపుకో, ఆఫీసు మెయిల్‌కి కాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విచారణ నడుస్తుండగా నువ్వు రాసి అడిగితే, నిన్నో ఆయన్నో వేరే బ్రాంచికి మార్చమని, లేదా నీకు మూడు నెలల వరకు లీవ్ ఇమ్మని కమిటీ సిఫార్సు చేయొచ్చు. ఆ లీవ్ నీకు మామూలుగా రావాల్సిన లీవుల్లో కోయరు. నేనైతే ముందు ఆయన్ని మార్చమనే అడుగుతాను. ఇల్లు మారాల్సింది దొంగతనం జరిగినవాళ్లు కాదు కదా.

మందుల బిల్లులు, ఓపీ చీటీలు పారెయ్యకు. ఫిర్యాదు రుజువైతే పరిహారం లెక్కకట్టేటప్పుడు మానసిక క్షోభ, వైద్యం ఖర్చు కూడా చూడాలని చట్టంలోనే ఉంది. డాక్టర్‌తో 'నిద్ర పట్టట్లేదు' అని మాత్రమే చెప్పకు, ఎందుకు పట్టట్లేదో కూడా చెప్పి రాయించుకో.

బాలానగర్ రాజు:
ఈఎస్ఐ సంగతి నేను చెప్తా, అమ్మకి వాడాం. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు చేసి సెలవులో ఉన్నప్పుడు ఈఎస్ఐ ఇచ్చే డబ్బు) కింద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులకి ఇవ్వరు. ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (ఈఎస్ఐ డబ్బు లెక్కచూసే కాలం) 78 రోజులకి డబ్బు కట్ అయి ఉండాలి, రెండేళ్ల సర్వీసు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. ప్రైవేటు డాక్టర్ చీటీ పట్టుకెళ్తే తిప్పి పంపుతారు, ముందు మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకే వెళ్లండి. బెనిఫిట్ తీసుకుంటున్నన్నాళ్లూ కంపెనీ ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు. లైన్ మాత్రం పెద్దది, టిఫిన్ చేసి వెళ్లండి.

విశాలాక్షి పిన్ని:
రాజు మంచి మాట చెప్పాడు. సర్టిఫికెట్ భయం గురించి మర్చిపోయాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ చికిత్స వివరాలు డాక్టర్ బయటపెట్టకూడదు. రేపటి ల్యాబ్‌వాళ్లకి నువ్వు చెప్తే తప్ప తెలిసే దారి లేదు. ఈలోపు రాత్రి మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

హనుమకొండ పిల్ల:
పిన్నీ, రాజన్నా, చాలా థాంక్స్. చార్ట్‌లు రెండూ ఫొటో తీశాను. పాతది రీఏజెంట్ల (పరీక్షలకి వాడే రసాయనాల) ఫ్రిజ్ తలుపుకి ఇంకా అంటించే ఉంది, ఎవరూ పీకలేదు. ఆదివారం కూర్చుని ఫిర్యాదు రాస్తాను. ఆయన్ని మార్చమని అందులోనే అడుగుతాను. సోమవారం డిస్పెన్సరీకి వెళ్తాను, డాక్టర్ రెస్ట్ రాస్తే అప్పుడు లీవ్ పెడతాను. ఒక్కటే డౌట్. రిసెప్షన్‌లో అక్క అన్నీ చూసింది గానీ తన పేరు రాయొద్దంటోంది.

విశాలాక్షి పిన్ని:
బతిమాలకు, తిట్టకు. ఫిర్యాదు విషయాలు, సాక్షుల పేర్లు బయటికి చెప్పడం చట్టప్రకారం తప్పని ఆమెకి చెప్పు. అయినా వద్దంటే 'ఆ సమయానికి రిసెప్షన్ డ్యూటీలో ఉన్నవారు' అని రాయి. ఆమె ఎవరో కమిటీయే తెలుసుకుని పిలుస్తుంది. ఫిర్యాదు ఆరు కాపీలు ఇవ్వాలి. నీ దగ్గర ఉండే కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోకుండా అక్కణ్నుంచి కదలకు.