సోలోలో నా ట్రైనింగ్ విమానం సెస్నా 172 దిగేటప్పుడు మూడుసార్లు ఎగిరిపడింది, ప్రొపెల్లర్ నేలకు తగిలింది. ఎక్కడ తప్పాను?

సోలో_స్టూడెంట్:
మొన్న నా మూడో సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం. ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి) ఫైనల్లో, అంటే రన్‌వేకి సూటిగా దిగే చివరి దశలో, వేగం 65 నాట్లు ఉండాలి, నాకు 75 ఉంది. రన్‌వే మీదికొచ్చాక ఎంతకీ దిగదే! సగం రన్‌వే అయిపోతోందని భయమేసి యోక్ (విమానం స్టీరింగ్) ముందుకు నెట్టాను. నోస్ వీల్ ముందు తగిలి బంతిలా లేచింది. మళ్లీ నెట్టాను, మళ్లీ లేచింది. మూడోసారి టకటకమని చప్పుడు, ఇంజన్ ఆగిపోయింది. నాకు దెబ్బలేం లేవు. ఒంగిపోయిన బ్లేడ్ల కొనలే కళ్లముందు మెదులుతున్నాయి. గాలి చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, కదలకుండా వేలాడుతూనే ఉంది, గాలిమీద నెపం వేయడానికీ లేదు.

పాత_ఇన్‌స్ట్రక్టర్:
ముందు మీరు క్షేమం, అది చాలు. ఇలా ముక్కు కిందికీ పైకీ ఊగుతూ మళ్లీ మళ్లీ ఎగిరిపడటాన్ని పార్పాయిజింగ్ అంటారు. 65కి బదులు 75 అంటే పది నాట్లే కదా అనిపిస్తుంది. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. పైగా 172 రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 11 మీటర్లు. నేలకు అంతకంటే దగ్గరైతే గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గర గాలి ప్రభావం) వల్ల డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగడం, తగ్గి ఇంకా తేలుతుంది. అప్పుడు ముక్కు కాస్త పైకి పట్టుకుని ఓపిక పట్టాలి బాబూ. నెట్టామా, దెబ్బంతా నోస్ వీల్ మీదే. ఆ దెబ్బ కాయాల్సింది మెయిన్ వీల్స్.

హ్యాంగర్_మనిషి:
మెకానిక్‌గా ఒక్క మాట. ప్రొపెల్లర్ తగిలిందంటే బ్లేడ్లు మార్చి ఎగరేయడం కుదరదు, ఇంజన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ చూడాల్సిందే. ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే రేకు గోడ, ఫైర్‌వాల్, కూడా. గట్టిగా దిగిన ఒక 172లో పైకేమీ కనబడలేదు. కౌలింగ్ (ఇంజన్ మూత) తీసి టార్చి ఏటవాలుగా వేస్తే, నోస్ గేర్ బిగించిన చోట రేకు మీద సన్నటి మడత. రివెట్ల చుట్టూ నల్లటి పొడి. అందుకే మెల్లగా ఎగిరిపడినా లాగ్‌లో రాయండి, దాచకండి.

ఎడారి_గాలి:
అమెరికాలో ట్రైనింగ్‌లో నాకూ ఇలాగే లేచింది. మొదటి బౌన్స్‌కే ఫుల్ త్రాటిల్, ముక్కు నిలకడగా పట్టుకుని గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెళ్లడం. ఫ్లాప్స్ ముందు 20 డిగ్రీలకి, మిగతావి స్పీడ్ వచ్చాకే. చేతులు వణికాయి గానీ విమానం దక్కింది. ఇంతకీ 75 ఎందుకు పెట్టారు?

సోలో_స్టూడెంట్:
స్టాల్ (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) భయం అన్నా. స్పీడ్ ఎక్కువుంటే సేఫ్ అనుకున్నా. గో అరౌండ్ సంగతి అసలు తట్టనేలేదు. విచారణ అయ్యేదాకా ఫ్లయింగ్ లేదు. అయ్యాక మొదటి గంటంతా గో అరౌండ్లే చేద్దామన్నారు మా సార్.