జామాయిల్ చెట్టు రోజుకు నిజంగా వంద లీటర్లు తాగుతుందా? పక్క బోరు ఎండితే తప్పు దానిదేనా?

ఎర్రచల్క:
మా మండలంలో జామాయిల్ తోటలకూ పక్క పొలాల రైతులకూ తగాదా ముదిరింది. ఒక వర్గం చెట్టుకు రోజుకు వంద లీటర్లు అంటుంది, రెండో వర్గం వరికంటే తక్కువే అంటుంది. తోటల్లో మొక్కకు మొక్కకు 3×2 మీటర్ల దూరం, నాలుగేళ్లకు కోత. పైన ఎర్ర చల్క, కింద మొరం. మాటలు కాదు, లెక్క కావాలి.

ఆవిరిలెక్క:
వంద లీటర్లు ఆ దూరంలో కుదరదండీ. ఒక్కో చెట్టు వాటాకు 6 చదరపు మీటర్ల నేల వస్తుంది. చదరపు మీటరుకు లీటరు నీళ్లంటే 1 మిల్లీమీటరు. అంటే చెట్టుకు వంద లీటర్లు పోవాలంటే తోట మొత్తం రోజుకు 16 మి.మీ. పైన ఆవిరి చేయాలి. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. ఆ వేడి ఎండ నుంచే రావాలి. మన నడి వేసవి ఎండ, వడగాలి కలిసినా పచ్చని పైరు నుంచి లేపగలిగేది దాదాపు 7, 8 మి.మీ. మాత్రమే. అంటే ఆకు బాగా కమ్మిన తోటలో, నీటికి కొరత లేని రోజున కూడా చెట్టుకు 45 లీటర్ల దరిదాపు. ఏడాదికి 1000 మి.మీ. వాడే తోటైతే సగటున రోజుకు 16 లీటర్లు.

గట్టు మీది ఒంటి చెట్టు సంగతి వేరు. దానికి నాలుగు వైపులా ఎండా గాలీ తగులుతాయి, వేర్లూ ఎటైనా పోతాయి. పెద్ద చెట్టైతే వంద దాటొచ్చు. ఒంటి చెట్టు లెక్కను తెచ్చి ఎకరంలోని 670 చెట్లకూ గుణించడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

బావిగట్టు:
లెక్క ఒప్పుకుంటాను, కానీ 16 లీటర్లని తేలిగ్గా వదిలేయకండి. వాన 900 మి.మీ. పడే చోట తోట 1000 వాడితే భూమిలోకి దిగేది ఏముంది? జొన్న, వేరుశనగ నాలుగు నెలల్లో కోతకొస్తాయి, వాటి వేర్లు పైపొర దాటి ఎక్కువ లోతుకు పోవు. పెద్ద వానల్లో మిగిలింది కిందికి దిగుతుంది. జామాయిల్ పన్నెండు నెలలూ పచ్చగా ఉంటుంది.

కర్ణాటకలో హోస్కోటె దగ్గర లోతైన ఎర్రనేలలో కొలిచారు. మూడేళ్లలో వాన సుమారు 2100 మి.మీ., తోట వాడింది సుమారు 3400. ఆ తేడా అంతా నేల లోపలి పొరల్లో పాతగా దాగిన తేమే, వేర్లు 8 మీటర్ల దాకా దిగి లాక్కున్నాయి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా జామాయిల్ నాటడాన్ని ఆపింది ఊరికే కాదు.

ఆవిరిలెక్క:
అదే పరిశోధకులు నేల లోతు 3 మీటర్లే ఉన్న చోట్ల కూడా కొలిచారు కదా. అక్కడ తోట వాడకం వానను దాటలేదు, పక్కనున్న సహజ అడవితో సమానంగానే ఉంది. కాబట్టి తేల్చాల్సింది ముందు నేల లోతు. ఇక బోరు కింద రెండు కార్లు వరి వేసేవాళ్లు జామాయిల్‌ని తిట్టడం న్యాయం కాదు. మడిలోంచి కిందికి ఇంకిన నీళ్లు కొంత తిరిగొస్తాయి, నిజమే, కానీ ఆవిరైంది రాదు. రెండు కార్లలో అదీ 1000 మి.మీ. దాటుతుంది.

ఆకుకింద:
ఇద్దరూ చెట్టు తన ఇష్టం కొద్దీ తాగుతుందన్నట్టు రాస్తున్నారు. నీరు పోయేది దాదాపు అంతా ఆకుల మీది పత్రరంధ్రాల గుండా. గాలి పొడిబారే కొద్దీ లాగుడు పెరుగుతుంది. వేర్లు ఆ వేగానికి నీళ్లు అందించలేకపోతే రంధ్రానికి అటూ ఇటూ ఉండే రక్షక కణాల బిగువు తగ్గి రంధ్రం మూసుకుంటుంది. బాష్పోత్సేకం, అంటే ఆకు నీటిని ఆవిరిగా వదలడం, తగ్గుతుంది, దాంతోపాటు బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడమూ, పెరుగుదలా తగ్గుతాయి. అందుకే పలుచని మొరం నేలలో తోట వేసవిలో మందగిస్తుంది. ఏప్రిల్, మేలో కూడా మీ తోట చిగురు వేస్తూ మానులు లావెక్కుతుంటే దాని వేర్లకు లోతున తేమ దొరికిందని అర్థం. భయపడాల్సింది ఆ తోటను చూసి.

కొమ్మకు ప్లాస్టిక్ సంచి కట్టి, చేరిన నీళ్లను కొలిచి ‘రుజువు’ అనేవాళ్లకు ఒక మాట. సంచిలో గాలి కాసేపటికే తేమతో నిండిపోతుంది, దాంతో ఆకు వదిలే నీరు తగ్గుతుంది. పైగా ఎండలో సంచి లోపల వేడెక్కి ఆకు మాడుతుంది. నీరు ఆకులోంచి వస్తుందని బడిపిల్లలకు చూపడానికి బాగుంటుంది, ఎకరం లెక్కకు పనికిరాదు.

ఎర్రచల్క:
సరే, ఇప్పటికే ఉన్న తోటకు గట్టు పొడవునా కందకం తీస్తే? లేదా 3×3కి పలుచన చేస్తే?

బావిగట్టు:
కందకం మీటరు లోతు తీస్తే పక్కకు పాకిన వేర్లు తెగుతాయి. ఆ గట్టు పక్కన మొదటి కొన్ని సాళ్ల మిరప, పత్తి తేరుకుంటాయి. కానీ ఏడాది రెండేళ్లలో పూడిపోతుంది, వేర్లు మళ్లీ దాటుతాయి, మళ్లీ తీయాలి. నిలువుగా దిగిన వేరును అది ఆపదు కాబట్టి బోరుకు లాభం లేదు. పలుచన కూడా అంతే. మిగిలిన చెట్లు ఆకు పెంచి ఖాళీని కమ్మేస్తాయి.

కోత తర్వాత మొదళ్లు ఉంచి పిలకలు పెంచడం ఇంకో చిక్కు. వేరు పాతదే, లోతు సిద్ధంగా ఉంటుంది. నీలగిరి కొండల్లో వాగు నీటిని ఏళ్ల తరబడి కొలిచారు. మొదటి కాపులో నీటి రాక 16 శాతం తగ్గితే, పిలకల కాపులో సుమారు 25 శాతం తగ్గింది. జాతి వేరు, వానలూ వేరు, అయినా దారి అదే. నా మటుకు, లోతైన నేలలో తాగునీటి బావికి ఎగువన జామాయిల్ వద్దే వద్దు.

ఆవిరిలెక్క:
లోతైన నేల అన్నారు గనక ఇక్కడ మీతో కలుస్తాను. మొరం, బండ పైకే తగిలే చోట మాత్రం నిషేధానికి ఒప్పుకోను.

ఎర్రచల్క గారూ, ఊళ్లో వాదన తేలాలంటే నీటిమట్టం కొలవండి. మోటారు వాడని బోరు గానీ, దిగుడు బావి గానీ ఎంచుకోండి. నడిచే బోరులోకి టేపు వదిలితే పంపు వైరుకు చిక్కుకుంటుంది. నెలకోసారి, ఒకే తేదీన, తెల్లవారి చుట్టుపక్కల మోటార్లు వేయకముందే, బరువు కట్టిన టేపుతో కొలవాలి. తోటకు దూరంగా, చుట్టూ వాడకం అంతే ఉన్న ఇంకో బావిని జతగా పెట్టుకోండి, లేకపోతే వాన తగ్గినందుకు పడిన మట్టాన్ని కూడా చెట్టు ఖాతాలో రాసేస్తారు. కోతకు ముందు కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి. కోత తర్వాత పిలకలు మళ్లీ కమ్ముకునే దాకా, అంటే ఇంకో ఏడాదిన్నర. వానమాపకం మీ పొలంలోనే పెట్టుకోండి, మండల కేంద్రం లెక్క మీ చేనుకు సరిపోదు.

ఆకుకింద:
దానితోపాటు జేసీబీతో తోట అంచున ఒక గుంత తవ్వి, 3 మీటర్లు దాటాక కూడా సన్నని తెల్ల వేర్లు ఉన్నాయో లేదో చూడండి. మట్టం లెక్కకు రెండేళ్లు పడుతుంది, ఈ గుంత ఒక పూటలో చెబుతుంది. చూశాక వెంటనే పూడ్చేయండి, పశువులు పడతాయి.