కచేరీ రికార్డింగ్ మధ్యలో టిక్కుమంటోంది – తప్పు కార్డ్‌దేనా?

శ్రుతిపెట్టె:
చేతిలో పట్టే స్టీరియో రికార్డర్, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైళ్లు. 32 జీబీ క్లాస్ 10 కార్డ్. రెండు గంటల రికార్డింగ్‌లో మూడుచోట్ల టిక్కుమని తెగింది. ఇంకా వేగమైన వి30 రకం కార్డ్ కొంటే పోతుందా అండీ?

ఎడమకుడి:
వేగం అంకెకు డబ్బు పోయకండి. లెక్క చూడండి: 96,000 శాంపిళ్లు (శబ్దం కొలతలు) × 3 బైట్లు (24 బిట్లు) × 2 ఛానళ్లు, అంటే సెకనుకు 5,76,000 బైట్లు. అర మెగాబైట్ పైచిలుకు. క్లాస్ 10 అంటేనే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, మీ అవసరానికి 17 రెట్లు.

గొడవంతా మధ్యలో కార్డ్ ఉలకకుండా పలకకుండా ఉండిపోయే క్షణాలతో. కార్డ్‌లోని ఫ్లాష్ మెమరీలో పాతదాని మీద నేరుగా రాయడం కుదరదు, బ్లాక్ మొత్తం చెరిపాకే రాయాలి. ఫైళ్లు ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ వాడిన కార్డులో ఖాళీ బ్లాకులు తక్కువ. లోపలి కంట్రోలర్ సర్దుకుంటున్నంతసేపూ రాత ఆగుతుంది. ఈలోగా రికార్డర్ బఫర్ (కార్డ్‌కి రాసేముందు శబ్దం కాసేపు నిలిచే చోటు) నిండితే ఆ ముక్క గోవిందా. అందుకే డిలీట్ మానేసి, ఫైళ్లు కాపీ చేసుకున్నాక ప్రతిసారీ రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌లో కాదు. మెనూలో ఫుల్ ఫార్మాట్ ఉంటే, ఆలస్యమైనా అదే.

ఖాళీసీటు:
ముందు అది కార్డ్ తెగులో కాదో తేల్చండి. ఎడిటర్‌లో టిక్ దగ్గర ఒక్కో శాంపిల్ కనబడేంత జూమ్ చేయండి. రెండు ఛానళ్లూ ఒకే శాంపిల్ దగ్గర కత్తితో కోసినట్టు గెంతితే డేటా పోయినట్టు. ఒక్క ఛానల్లోనే ఉంటే కేబులో, ప్లగ్గో, మైకో. కార్డ్‌కి ఎడమా కుడీ తెలియదు.

శ్రుతిపెట్టె:
చూశాను. మొదటిది 1:02:08 దగ్గర, రెండు ఛానళ్లలోనూ. రెండోది ఎడమవైపే. మూడోది 1:40 దాటాక, రెండిట్లోనూ గెంతింది.

ఎడమకుడి:
మొదటిది కార్డ్ కాదు! 2 జీబీ అంటే 214,74,83,648 బైట్లు. 5,76,000తో భాగిస్తే 3,728 సెకన్లు, అంటే సరిగ్గా 62 నిమిషాల 8 సెకన్లు. ఫైల్ 2 జీబీకి చేరగానే రికార్డర్ దాన్ని మూసి కొత్తది తెరిచింది. రెండు ఫైళ్లనూ ఒకే ట్రాక్‌లో ఖాళీ లేకుండా, క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) లేకుండా అంటించండి. ఎడమవైపుది కేబుల్ చూసుకోండి. ఇక కార్డ్ మీద అనుమానం మూడోదానికే.

బైట్‌బాబాయ్:
ఆ మూడోదానికి కార్డ్ నకిలీదేమో కూడా చూడాలి. లోపల 8 జీబీయే ఉండి 32 అని చెప్పుకునేవి ఉంటాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ అనే పరీక్ష ప్రోగ్రాములున్నాయి. కార్డ్ నిండా రాయించి తిరిగి చదివించాలి, సగం వరకు పరీక్షిస్తే ఏమీ తేలదు. అది నెగ్గితే ఫార్మాట్ చేసి, కచేరీకి పెట్టుకునే సెట్టింగ్‌తోనే మూడు గంటలు ఉత్తుత్తి రికార్డింగ్ నడపండి.

కొత్తది కొన్నా 64 జీబీ జోలికి తొందరపడి వెళ్లకండి. 32 దాటితే కార్డ్ రకం ఎస్‌డీఎక్స్‌సీ, ఫైళ్లు సర్దే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. జూమ్ హెచ్4ఎన్ లాంటి రికార్డర్లు తీసుకునేది 32 వరకే.

తంత్రి:
కాస్త పక్కదారి. బ్యాటరీ అయిపోయి మధ్యలో ఆరిపోయిన ఫైల్ తెరుచుకోకపోతే ఏం చేయాలి?

ఎడమకుడి:
స్టాప్ నొక్కినప్పుడే చాలా రికార్డర్లు వేవ్ హెడర్‌లో (ఫైల్ మొదట్లో ఉండే వివరాల ముక్కలో) డేటా ఎంతో రాస్తాయి. ఆలోపే కరెంట్ పోతే హెడర్‌లో సున్నా. పాట మాత్రం కార్డ్ మీదే ఉంటుంది.

ఆ కార్డ్ మీద ఇంకేమీ రాయొద్దు, ఫార్మాట్ చేయమని అడిగినా వద్దనండి. ముందు కార్డ్ మొత్తానికీ ఇమేజ్ (అచ్చంగా అదే కాపీ) తీసి, ఆ కాపీ మీదే పని చేయండి. ఫైల్ సైజు సున్నా చూపిస్తే పోయిన ఫైళ్లు పట్టే ఫోటోరెక్‌తో వెతకాలి. పేరులో ఫోటో ఉన్నా వేవ్ ఫైళ్లనూ పట్టుకుంటుంది.

సైజు సరిగా ఉంటే అడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఇంపోర్ట్, రా డేటా. సైన్డ్ 24 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, 2 ఛానళ్లు, 96000. హెడర్ 44 బైట్లయితే ఆఫ్‌సెట్ (మొదట్లో వదిలేసే బైట్లు) 44, కొన్ని రికార్డర్లలో హెడర్ ఇంకా పొడుగు. ఒక్కో స్టీరియో శాంపిల్‌కు 6 బైట్లు. పాటకు బదులుగా హోరు వినబడితే ఆఫ్‌సెట్ ఒక్కో బైట్ పెంచుతూ పోండి, ఆరు ప్రయత్నాల్లోపు పాట పలుకుతుంది. ఎడమ కుడి తారుమారైతే ఇంకో 3 బైట్లు జరపండి. మొదట్లో హెడర్ తాలూకు చిన్న చిటపట ఉంటే కోసేయండి.

ఖాళీసీటు:
రీఛార్జబుల్ సెల్స్ వేసి మెనూలో ఆల్కలైన్ అని వదిలేస్తే మీటర్ తప్పు చెబుతుంది. సెల్ 1.2 వోల్ట్‌లది. రకం మార్చుకోండి.

శ్రుతిపెట్టె:
అంటించాక 1:02:08 దగ్గర టిక్ పోయింది. ఎఫ్3 ఇప్పుడే మొదలుపెట్టాను.