ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర: డిగ్రీలో రెండూ కలిపి చదవవచ్చునా?

ప్రశ్న: విద్యార్థిని, అమలాపురం దగ్గరి పల్లె

పెద్దలందరికీ నమస్కారమండి. ఈ ఏడాది ఇంటర్మీడియెట్ హెచ్.ఇ.సి. పూర్తి చేశాను. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యాన్ని, చరిత్రను కలిపి చదవాలని నా కోరిక. కాలేజీలో కనుక్కుంటే ఒకటి మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా), ఒకటి మైనర్‌గా (అనుబంధ సబ్జెక్టుగా) తీసుకోవచ్చునన్నారు కాని, ఏది ఏదిగా తీసుకోవాలో తేల్చి చెప్పలేదు. మా నాన్నగారు కొబ్బరి రైతు. ఆయనకు అభ్యంతరం లేదు గాని, "ఆ రెండింటికీ ఏమిటమ్మా సంబంధం?" అని అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేకపోయాను. మా మేనమామ మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దంటున్నారు. ఇవి నిజంగా ఒకదానికొకటి ఉపయోగపడతాయా, లేక రెండూ సగం సగమే వంటబడతాయా?

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్నకు సమాధానం దూరాన వెతకనక్కరలేదు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీవారు ఒకప్పుడు బట్టల వ్యాపారానికి ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, పెట్టారు. అక్కడ ఓడలెక్కిన నూలుగుడ్డకు ఊరి పేరే నిలిచిపోయి, 'మడపొల్లం' అనే మాటగా ఇంగ్లీషు నిఘంటువుల్లో చేరింది. ఆ మాట ఒక పాత కథలో ఎదురైతే, ఆ గుడ్డ కట్టుకున్న పాత్ర తాహతును రచయిత ఎలా సూచించాడో సాహిత్యం చదివినవారు గమనిస్తారు. దానిని నేసినదెవరు, కంపెనీ ఆ నేతగాళ్లకు ఏ ధర కట్టింది, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుగుడ్డ వచ్చిపడ్డాక వారి మగ్గాలు ఏమయ్యాయి అని చరిత్ర చదివినవారు అడుగుతారు. మీరు ఒక్కరే ఈ ప్రశ్నలన్నీ అడగగలగాలి.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ కందుకూరి వీరేశలింగం పంతులుగారిది. 1766లో వచ్చిన గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణతో ఆయన రాసిన రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో వరుసగా వెలువడి, 1880లో పుస్తకమయింది. 1887లో హచిన్‌సన్ దానిని 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో తిరిగి ఇంగ్లీషులోకి తీసుకువెళ్లారు. గోల్డ్‌స్మిత్ నవలలో ఇంగ్లండు పల్లెలోని మతగురువు సొమ్ము ఒక వర్తకుడు పరారైనందువల్ల పోగా, పంతులుగారి నవలలో ధవళేశ్వరం గృహస్థు రాజశేఖరుడి సంపద ముఖస్తుతులు చేసేవారి వల్ల, ఆడంబరపు పెళ్లి ఖర్చు వల్ల, బంగారం చేసిస్తానన్న బైరాగి వల్ల కరిగిపోతుంది. ఈ మార్పును కథానిర్మాణంగా పరిశీలించవచ్చు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించబోయే సంస్కర్త అంతకుముందే ఏ నమ్మకాలతో తలపడుతున్నాడో కూడా అందులోనే చూడవచ్చు.

అయితే నవలలో ఉన్నదంతా సాక్ష్యమనుకోవడం ఈ రెండూ కలిపి చదివేవారు చేసే మొదటి పొరపాటు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1854 జనవరిలో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణానికి వెళ్లి నూలు మిల్లుల కార్మికుల సమ్మెను స్వయంగా చూశాడు. దాని మీద పత్రికకు రాసిన వ్యాసంలో కార్మికుల క్రమశిక్షణను మెచ్చుకున్నాడు. అదే ఏడాది వెలువడిన 'హార్డ్ టైమ్స్' నవలలో మాత్రం కార్మిక నాయకుణ్ణి వాగాడంబరం తప్ప మరేమీ లేనివాడిగా చిత్రించాడు. ఒకే మనిషి, ఒకే ఏడాదిలో, ఒకే విషయాన్ని ఇంత తేడాగా ఎందుకు రాశాడు? నవల ఒక్కటే చదివినవారికి ఈ ప్రశ్న తట్టను కూడా తట్టదు.

జవాబు: ఇంగ్లీషు అధ్యాపకురాలు, భీమవరం

మాస్టారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మేజర్ విషయంలో నా సలహా ఇంగ్లీషు తీసుకోమని. చరిత్రను తెలుగులో కూడా చదివి ఆకళింపు చేసుకోవచ్చు గాని, మన ఇంట్లో మాట్లాడని భాషలో ఒక పద్యం నడకను, ఒక మాట వెనుకనున్న ఎత్తిపొడుపును పట్టుకోవడానికి రోజూ గంటలు కావాలి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి.

నేను కూడా ఈ రెండూ కలిపి చదివినదాన్నే. మొదటి సంవత్సరంలో నా సాహిత్యం జవాబులన్నీ ఆ కాలపు యుద్ధాలు, చట్టాల వర్ణనగా మారిపోయేవి. ఒకసారి పేపరు దిద్దిన మేడం అంచున "పద్యం ఎక్కడ?" అని రాశారు. ఆ రెండు మాటలు చూసి ఎంత బాధపడ్డానో, అంత నేర్చుకున్నాను. అప్పటినుంచి ముందు మాటలు, తర్వాతే కాలం అని నియమం పెట్టుకున్నాను.

సాహిత్యంలో అబ్బిన ఈ అలవాటు చరిత్రలోనూ పనికివస్తుంది. 1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగిని ముంచిన తుఫాను సంగతి మనవారందరూ విన్నదే. 'సైక్లోన్' అనే మాట అప్పటికింకా పుట్టలేదు. బంగాళాఖాతం తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంలో, పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాటనుంచి దానిని తయారుచేశాడు. ఓడ నడిపేవాడికి గాలి ఎటు తిరుగుతుందో కావాలి కనుక ఆ మాట గాలి చుట్టను చెబుతుంది. తీరాన ఉన్నవాడికి భయం సముద్రం నుంచి కనుక మన 'ఉప్పెన' పైకి వచ్చిపడే నీటిని చెబుతుంది. హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వృత్తాంతాన్ని, హెమింగ్‌వే 1907లో కూర్చిన జిల్లా గెజిటీరును (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథాన్ని) ఇలా మాట మాటా పట్టి చదివి చూడండి.

జవాబు: డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి, కాకినాడ

కాలేజీలో చేరేముందు ఒక్క విషయం కనుక్కోండి. మేజర్–మైనర్ పద్ధతి మన రాష్ట్రంలో 2023-24లో వచ్చింది, అంతకుముందు బి.ఎ.లో మూడు సబ్జెక్టులను సమానంగా చదివేవారు. ఇప్పుడు కాలేజీలో ఏ మైనర్లు నడుస్తున్నాయో వాటిలోనుంచే ఎంచుకోవాలి కనుక, చరిత్ర చెప్పే అధ్యాపకులు ఉన్నారో లేదో ముందే అడగండి. తర్వాత చరిత్రలో ఎం.ఎ. చేయాలనుకుంటే మైనర్ సరిపోతుందో లేదో ఆ విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఇప్పుడే చూసుకోవడం మంచిది. పాత పుస్తకాలకు రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలండి. ఇంగ్లీషు మేజర్, చరిత్ర మైనర్ అని దరఖాస్తు పెడుతున్నాను. రాత్రి మాధవాయిపాలెం సంగతి చెబితే నాన్నగారు చాలాసేపు వివరాలు అడిగి, "గుడ్డ గురించి అంత రాసుకున్నవారు మన కొబ్బరి గురించి ఏం రాశారో చూడు" అన్నారు. మాస్టారూ, గెజిటీరులో దానికోసం ఏ అధ్యాయం తీయాలో చెప్పగలరా?