హాలు గోడకు చెక్క: నిలువు పట్టీలా, సగం గోడ పలకలా?

బురుజు పక్కోడు (కర్నూలు): పాతబస్తీలో జేజినాయన కాలం నాటి మిద్దె విప్పినాం. టేకు దూలాలు గట్టిగానే ఉండాయి. వాటిని కోయించి కొత్త హాల్లో మూడడుగుల ఎత్తు పలకలు కొట్టియ్యాలని నా ఆశ. మా ఆవిడ రెడీమేడ్ లూవర్స్ (నిలువు పట్టీలు) అంటాంది, టీవీ గోడ నిండా. ఏది మేలు?

అనంత వడ్రంగి: సగం గోడే అన్నా. లూవర్స్ గాళ్ళల్లో దుమ్ము కూర్చుంటే గుడ్డ దూరదు. పాత టేకు బాగా ఆరి ఉంటాది, అంతగా వంకర పోదు. కోతకు ముందు మేకులు పీకించు. గోడకు రీపర్లు (సన్న చెక్క బద్దలు) కొట్టి వాటి మీద పలకలు బిగించాల. పలకల మధ్య సన్నంగా సందు వదులు, వానాకాలం చెక్క ఉబ్బుతాది.

కడప బండ: చెక్కే వద్దు. మాకు ఒక మేస్త్రీ 710 గ్రేడు ప్లైవుడ్ అని లెక్క కట్టి చెదలకు మేత పెట్టినాడు. తడితే డొల్ల మోత.

అనంత వడ్రంగి: 710 అంటే ముఖ్యంగా నీళ్ళకు జిగురు వీడదని. నేలకు చెదల మందు కొట్టించినావా?

కడప బండ: ఆ మేస్త్రీ కూడా ఇట్లనే ఎదురు ప్రశ్నలు వేసినాడు. మీరంతా ఒకటే.

అనంత వడ్రంగి: నేను మీ ఊరికి వచ్చి ఒక మేకు కొట్టిన పాపాన పోలేదప్పా!

పెన్నమ్మ: దుమ్ము దులిపేవాళ్ళ మాట వినండి.

బురుజు పక్కోడు: దులిపేదీ ఆమెనే, లూవర్స్ కావాలనేదీ ఆమెనే.

హంద్రీ గట్టు: కింది అంతస్తేనా? 2009 అక్టోబరు వరద మర్చిపోయినావా? మా ఇంట్లో బీరువాలు ఉబ్బి తలుపులు రాలే. మూడడుగుల పలక అంటే ముందు తడిసేదే అది.

కడప బండ: చూసినావా! ఆ దూలాలు అమ్మి నల్లబండ పరిపించు, పీడా పోతాది.

బురుజు పక్కోడు: అమ్మేయ్, అమ్మేయ్! మా తమ్ముడూ ఇదే పాట. మిద్దె కూలేదాకా ఒక బొచ్చె మట్టి ఎత్తనోడు, ఇప్పుడు దూలాల్లో సగం అడుగుతాండాడు. గోడకు కొట్టేస్తే యాడ పంచుకుంటాడో చూస్తా.

పెన్నమ్మ: ఓహో, అందుకా చెక్క! ఆమెకు తెలుసా?

బురుజు పక్కోడు: తెలుసు. పంచాయితీ తెగని కట్టెను ఎదురుగా పెట్టుకుని టీవీ చూడలేనంది.

అనంత వడ్రంగి: అయితే రంపం దగ్గరికి పోవద్దన్నా. దూలం దూలంగా ఉంటేనే పంచేది. కోసినాక ఎవరి పలక ఎవరిదో మీ జేజినాయన దిగొచ్చినా తేల్చలేడు. లూవర్సే వేయించు, కాకుంటే ఎం.డి.ఎఫ్.వి (చెక్క పీచు అదిమి చేసినవి) వద్దు, చెమ్మకు ఉబ్బుతాయి.

కడప బండ: ఏం కొన్నా బిల్లు మీద గ్రేడు రాయించుకో. నోటిమాట నమ్మి నేను పోయింది చాలు.